ఇంజిన్ లైటు వైపు ఒక్కసారి చూడండి: రవాణా శాఖకు ఒక డీజిల్ కారు ఓనరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి,

నమస్కారం.

ముందుగా ఒక నేరం ఒప్పుకుంటాను. ఎనిమిది నెలల పాటు నా కారు ఇంజిన్‌లో, పొగలో విషం తగ్గించే వాల్వుకి అడ్డంగా, రెండు బోల్టుల మధ్య ఒక రేకు ముక్క పెట్టుకుని హైదరాబాద్ అంతా తిరిగాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ(4) ప్రకారం, బండిలో అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నా రేకు ఖరీదు, బిగించిన కూలితో కలిపి, 300 రూపాయలు. ఆ ఎనిమిది నెలల్లోనే నా బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది, దర్జాగా. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ సర్టిఫికెట్ గురించి.

నాది 2012 మోడల్ చిన్న డీజిల్ కారు. నంబరు ఏపీ 09తో మొదలవుతుంది. అపార్ట్‌మెంట్ పిల్లలు “అంకుల్, ఇది ఆంధ్రా బండా?” అని అడుగుతుంటారు. కాదర్రా, ఉమ్మడి రాష్ట్రంలో ఖైరతాబాద్ బండి అని చెప్తే వాళ్ళకి అదేదో నిజాం కాలంనాటి మాటలా వినిపిస్తుంది. ఇప్పటికి లక్షా 38 వేల కిలోమీటర్లు తిరిగింది. 2010 ఏప్రిల్ నుంచి దేశంలో 13 నగరాల్లో బీఎస్-4 (భారత్ స్టేజ్-4, కొత్త బండి ఎంత కాలుష్యం వదలొచ్చో చెప్పే) నిబంధన వచ్చింది, అందులో హైదరాబాద్ ఒకటి. అందుకే నాది బీఎస్-4 బండి. అదే ఏడాది ఖమ్మంలో కారు కొన్న మా బావమరిదికి బీఎస్-3 అయినా సరిపోయింది, ఎందుకంటే దేశమంతా బీఎస్-4 రావడానికి 2017 దాకా పట్టింది. బీఎస్-3లో డీజిల్ కారు కిలోమీటరుకి 0.50 గ్రాముల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. బీఎస్-4లో అది 0.25కి దిగింది. 2020 నుంచి అమ్ముతున్న బీఎస్-6 బండ్లకైతే 0.08. ఈ అంకెలు కాస్త గుర్తుంచుకోండి, నా రేకు కథ వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఆ రోజు అమ్మను ఎయిర్‌పోర్టులో దింపాలి. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఎక్కుతుంటే బండి ఒక్కసారిగా బరువెక్కిపోయింది. యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా రెండో గేరు దాటడం లేదు. మీటర్లో ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. బైకు మీద ఒక కుర్రాడు పక్కకు వచ్చి అద్దం మీద కొట్టి, “అన్నా, ఎన్క చూస్కో” అన్నాడు. అద్దంలో చూస్తే నా వెనక వస్తున్న బండ్లు కనబడటం లేదు. నల్లటి పొగ. ఎడమ పక్కకి ఆనుకుని, నలభై స్పీడులో, హారన్లు తింటూ ఎలాగో చేరాం. అమ్మ దారి పొడవునా హనుమాన్ చాలీసా చదివింది. విమానం దొరికింది.

మర్నాడు ఫోన్ చేస్తే ఒక సర్వీస్ సెంటర్ వాళ్ళు “ఈజీఆర్ అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్, కూలర్‌తో కలిపి 23 వేలు, పార్టు రావడానికి రెండు వారాలు” అన్నారు. మా గల్లీ చివర షెడ్డులో ఉస్తాద్ స్కానర్ పెట్టాడు, పీ0402 అని కోడు వచ్చింది. ఈజీఆర్ అంటే కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు. అందులోంచి పొగ కావలసిన దానికన్నా ఎక్కువ వస్తోందని ఆ కోడు అర్థం. ఉస్తాద్ బానెట్ మీద చెయ్యేసి, “ఏం గాదు సార్. ఈజీఆర్ జామైంది. దీన్ని బంద్ పెడ్తే బండి ఉరుకుతది” అన్నాడు. అతుకు దగ్గర కారకుండా పెట్టే పాత గ్యాస్కెట్‌ని అచ్చుగా పెట్టి రేకు కత్తిరించాడు, రెండు బొక్కలు కొట్టాడు, వాల్వు దారిలో అడ్డంగా బిగించాడు. గంట పట్టలేదు. బండి నిజంగానే ఉరికింది.

సార్, మీ శాఖలో ఇంజనీర్లు ఉన్నారు, వాళ్ళకి ఈజీఆర్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కానీ ఇది బహిరంగ లేఖ. చదివే వాళ్ళలో నాలాగా రేకు పెట్టించుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసం నాలుగు మాటలు.

గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజన్. మామూలుగా అది ఎవరి జోలికీ పోదు. కానీ డీజిల్ ఇంజిన్ సిలిండర్లో మంట వేడి విపరీతంగా పెరిగినప్పుడు అక్కడున్న ఆక్సిజన్‌తో కలుస్తుంది. అవే నైట్రోజన్ ఆక్సైడ్లు. కంటికి కనబడవు. ఊపిరితిత్తుల్ని రాపాడతాయి, మన ఎండకి తోడై నేల మట్టంలో ఓజోన్‌ని పుట్టిస్తాయి. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన విరుగుడు మన అమ్మమ్మలకి తెలిసిందే. పొయ్యిలో నిప్పు మరీ మండకుండా పైన నివురు కప్పేవాళ్ళు. ఇక్కడ నివురు బదులు, ఒకసారి కాలిపోయిన పొగలోంచే కొంత తీసి, చల్లార్చి, మళ్ళీ లోపలికి పంపుతారు. అందులో ఆక్సిజన్ తక్కువ, మంట వేడిని అది కొంత తాగేస్తుంది. మంట చల్లబడుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. ఎంత పొగ పంపాలి, ఎప్పుడు పంపాలి అని బండిలోని కంప్యూటర్ చెప్తే తెరుచుకుని మూసుకునే తలుపే ఈజీఆర్ వాల్వు.

తలుపు మసిలో పని చేస్తుంది కాబట్టి దానికి మసి పడుతుంది. దానికి తోడు ఇంజిన్ అడుగు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఇన్‌టేక్‌లో, అంటే గాలి లోపలికి వెళ్ళే దారిలో, కలుస్తుంది. మసి, ఆయిల్ కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా మొదటి రెండు గేర్లలో పాకే బండ్లకి, రోజూ ఐదు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసే బండ్లకి ఇది ఇంకా తొందరగా పేరుకుంటుంది, ఎందుకంటే ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. చివరికి వాల్వు ఇరుక్కుంటుంది. మూసుకుని ఇరుక్కుంటే డ్రైవరుకి పెద్దగా తెలియదు, లైటు మాత్రం వెలుగుతుంది. తెరుచుకుని ఇరుక్కుంటే నా ఎక్స్‌ప్రెస్‌వే కథే: అవసరం లేనప్పుడు కూడా పొగ లోపలికి వస్తూ ఉంటుంది, మంచి గాలికి చోటు ఉండదు, డీజిల్ సగం కాలి నల్లగా బయటికి పోతుంది, పికప్ పోతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది కూడా.

రేకు వేస్తే పికప్ పెరుగుతుందని అందరూ అంటారు. నేనూ నమ్మాను. అసలు జరిగేది అది కాదు. వాల్వు బాగున్న బండిలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కంప్యూటర్ తనే ఈజీఆర్‌ని మూసేస్తుంది, అప్పుడు ఇంజిన్‌కి ఉన్న బలమంతా ఉంటుంది. రేకు కొత్తగా ఇచ్చేది ఏమీ లేదు. చెడిపోయిన వాల్వు తినేసిన పికప్పే తిరిగొచ్చింది. వాల్వు శుభ్రం చేసినా అదే వచ్చేది. కానీ ఆ రోజు ర్యాంపు మీద హారన్లు తిన్న మనిషికి ఈ తేడా ఎవరు చెప్తారు?

రేకు పెట్టాక లైటు ఆరలేదు. నాలుగు రోజులకి ఉస్తాద్ మళ్ళీ స్కానర్ పెడితే ఈసారి పీ0401. మొన్నటి దాకా ఎక్కువైందని ఏడ్చిన కంప్యూటర్ ఇప్పుడు చాలట్లేదని ఏడుస్తోంది. ఉస్తాద్ కోడు డిలీట్ చేశాడు. వారంలో మళ్ళీ వచ్చింది. “టేపు పెట్టాల్నా సార్? కనబడది” అన్నాడు, నల్ల టేపు చుట్ట చేతిలో పట్టుకుని. వద్దన్నాను. కానీ నా కళ్ళు వాటంతట అవే టేపు పెట్టుకున్నాయి. నెల తిరిగేసరికి ఆ పసుపు బొమ్మ నాకు కనబడటం మానేసింది.

కొందరు రేకుకి పావలా అంత బొక్క పెడతారు, కంప్యూటర్‌ని మభ్యపెట్టడానికి. ఇంకొంచెం డబ్బున్నవాళ్ళు రీమ్యాప్ చేయించి, సాఫ్ట్‌వేర్‌లోనే ఈజీఆర్‌ని నిద్రపుచ్చుతారు. అప్పుడు లైటు కూడా రాదు.

ఆ మధ్యలో పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. బీఎస్-4 బండికి ఏడాదికోసారి తీసుకోవాలి. లేకపోతే సెక్షన్ 190(2) కింద 10,000 దాకా జరిమానా, కాబట్టి అందరూ తీసుకుంటారు. ఒక పెట్రోల్ బంకు పక్కన ఆగి ఉన్న వ్యాన్ దగ్గరికి వెళ్ళాను. బంకు పేరు చెప్పను, ఆ కుర్రాడి పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి వాడు నయం. అంతకు ముందు ఏడాది ఇంకో చోట సైలెన్సర్లో పైపు పెట్టకుండానే కాగితం చేతికిచ్చారు. వీడు పైపు పెట్టాడు, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ మూడుసార్లు తొక్కమన్నాడు, నంబరు ప్లేటు ఫోటో తీశాడు. పొగ సాంద్రత 1.02 అని వచ్చింది. బీఎస్-4 డీజిల్‌కి పరిమితి 1.62. పాస్. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంది. వాడు ఆ కిటికీ పక్కనే నిలబడి నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు.

వాడు తప్పు చేయలేదు. చూడమని వాడికెవరూ చెప్పలేదు.

కమిషనర్ గారూ, అసలు విషయం ఇక్కడుంది. డీజిల్ బండ్లకి మనం చేసే పరీక్షలో కొలిచేది పొగ ఎంత నల్లగా ఉందన్నది ఒక్కటే. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. ఈజీఆర్ ఉన్నదే నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి. అంటే ఆ వాల్వు పని చేస్తోందా లేదా అన్నది మన సర్టిఫికెట్‌కి పట్టని విషయం. ఇంకా విచిత్రం ఏమిటంటే, వాల్వు తెరుచుకుని ఇరుక్కున్న బండి నల్ల పొగ వదిలి ఫెయిల్ అవుతుంది. ఓనరు 300 పెట్టి రేకు వేయించుకుని వస్తే అదే బండి పాస్ అవుతుంది. కనబడే పొగ తగ్గింది, కనబడని విషం పెరిగింది, ప్రభుత్వ ముద్ర పడింది. మన పరీక్ష మెకానిక్‌కి నేర్పుతున్న పాఠం ఇది. మా ఉస్తాద్‌ని తిట్టి ఏం లాభం?

2015లో ఫోక్స్‌వ్యాగన్ గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. పరీక్షలో ఉన్నామని బండి కనిపెట్టి అప్పుడు బుద్ధిగా ఉండేది, రోడ్డెక్కాక ఈజీఆర్ పని తగ్గించేసి నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలేసేది. ప్రపంచమంతా కోటీ పది లక్షల కార్లు. మన దేశంలో 3,23,700 కార్లు వెనక్కి పిలుస్తామని ఆ కంపెనీ ప్రకటించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేస్తే కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. వాళ్ళు కొన్ని లైన్ల కోడుతో చేసిన పనినే మా గల్లీలో రేకుతో చేస్తున్నారు. వాళ్ళ పని బయటపడింది, ఎందుకంటే అమెరికాలో ఎవరో రోడ్డు మీద నడుస్తున్న బండి వెనక నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచారు. మా గల్లీ బండ్ల వెనక కొలిచేవాళ్ళు లేరు.

నేను రేకు తీయించింది గాలి మీద ప్రేమతో అని చెప్తే అబద్ధం అవుతుంది. ఎనిమిదో నెలలో ఒకరోజు వికారాబాద్ ఘాట్ రోడ్డులో బండి మళ్ళీ బరువెక్కింది. ఈసారి కొత్త లైటు ఏదీ రాలేదు, రావడానికి చోటేది, ఉన్న ఒక్క లైటూ ఎప్పటి నుంచో వెలుగుతూనే ఉంది. ఇంటికి వచ్చాక ఒక స్నేహితుడు చెప్తే ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, చెవిలో పెన్సిలు పెట్టుకుని మాట్లాడతాడు. స్కానర్లో పీ0401తో పాటు పీ0299 ఉంది. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి రావలసినంత గాలి రావడం లేదని అర్థం. ఆ కోడు ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు.

ఆయన చేసిన పని నేను రోజంతా స్టూలు వేసుకుని చూశాను. మొదట వాల్వు జోలికే పోలేదు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే రబ్బరు హోసు మీద చేత్తో తడిమి, అడుగు భాగంలో నూనె జిడ్డు తగిలితే నాకు వేళ్ళు చూపించాడు. హోసు విప్పి వంచితే చీలిక నోరు తెరిచింది, బొటనవేలు గోరంత. “మీ వాల్వుని చంపింది ఇదయ్యా” అన్నాడు. గాలి తక్కువైతే డీజిల్ సరిగ్గా కాలదు, మసి పెరుగుతుంది, మసి వాల్వుని పట్టేస్తుంది. మొదటి ఉస్తాద్ వాల్వుని చూశాడు, వాల్వుకి మసి ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు. రేకు వేశాక ఆ హోసు సంగతి చెప్పడానికి లైటుకి కూడా దారి లేకుండా పోయింది.

తర్వాత రేకు తీసి, వాల్వు విప్పాడు. గడ్డకట్టిన తారు మీద కాటుక అద్దినట్టుంది లోపల. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ నోట్లో రెండు వేళ్ళు దూరాల్సిన చోట చిటికెన వేలు కూడా కష్టంగా దూరింది. స్క్రూడ్రైవర్‌తో పెళ్ళగించబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వాల్వు సూదిని బలవంతంగా తిప్పితే లోపలి పళ్ళ చక్రం విరుగుతుందట. మోటారు ఉన్న భాగానికి క్లీనర్ తగలకుండా పాలిథిన్ కవరు చుట్టి, మసి ఉన్న వైపు మాత్రమే క్లీనర్ కొట్టి, రాత్రంతా నాననిచ్చాడు. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో తోమాడు. లోపల లోహం రంగు కనబడింది, పద్నాలుగేళ్ళ కిందట ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి రంగు. పాత గ్యాస్కెట్ వేయనన్నాడు, రాణిగంజ్ నుంచి కొత్తది తెప్పించాడు. బిగించాక స్కానర్‌తో వాల్వుని తెరిపించి మూయించి, కంప్యూటర్ అడిగినంత అది కదులుతోందో లేదో అంకెల్లో చూపించాడు. పది అడిగితే పది, నలభై అడిగితే నలభై. ఈజీఆర్ కూలర్‌ని కూడా గాలి ఒత్తిడి పెట్టి పరీక్షించాడు. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా తగలబడ్డాయి. కూలర్ లోంచి కూలెంట్ కారి, మసితో కలిసి, వేడికి అంటుకోవడమే కారణమని తేల్చి లక్షకు పైగా కార్లు వెనక్కి పిలిచారు. బయట ఎక్కడా కారకుండా మీ కూలెంట్ తగ్గిపోతుంటే ఆ మాట గుర్తు పెట్టుకోండి.

మొత్తం ఖర్చు 4,700. హోసుతో, గ్యాస్కెట్లతో, ఆయన మధ్యాహ్నం తాగిన రెండు టీలతో కలిపి. 23 వేలు కాదు, 300 కూడా కాదు. చివర్లో, “సిటీలోనే తిప్పకు, వారానికోసారి ఔటర్ మీద అరగంట కాస్త ఎత్తు ఆర్పీఎంలో తోలు” అన్నాడు. లైటు ఆరిపోయింది. మళ్ళీ రాలేదు.

కుతూహలం కొద్దీ అదే బంకుకి వెళ్ళి, గడువు ఉన్నా, మళ్ళీ పరీక్ష చేయించాను. 0.86 వచ్చింది. ఆ తగ్గినది కూడా హోసు మార్చినందుకు, ఈజీఆర్ వల్ల కాదు. రేకుతో పాస్, రేకు లేకుండా పాస్. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే అంకె తప్ప వేరే తేడా లేదు. 4,700 పెట్టి బాగు చేయించినవాడిదీ, 300 పెట్టి మూసినవాడిదీ మీ లెక్కలో ఒకే బండి.

ఇప్పుడు నేను అడిగేది. పొగ పరీక్ష నియమాలు కేంద్రానివి, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి 115వ నియమం. వాటిని మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. నైట్రోజన్ ఆక్సైడ్లను కూడా కొలిచే పరీక్ష కావాలని ఢిల్లీకి రాయండి. రోడ్డు పక్కన కాంతి కిరణాలు పంపి, వెళ్ళే బండి వెనక వాయువుల్ని కొలిచే యంత్రాలు ఉన్నాయి, కోల్‌కతాలో వాడారు కూడా. కానీ ఢిల్లీ జవాబు కోసం ఆగకుండా రేపే చేయగలిగింది ఒకటుంది. పొల్యూషన్ వ్యాన్లకి అనుమతి ఇచ్చేది మీ శాఖ. ఆర్‌సీ రెన్యువల్‌కి వచ్చే బండిని చూసేది మీ ఇన్‌స్పెక్టర్లు. తాళం తిప్పగానే ఇంజిన్ బొమ్మ వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. పది సెకన్లు. వెలగకపోతే టేపో, బల్బు పీకడమో. ఆరకపోతే లోపల ఏదో ఉంది, ముందు బాగు చేయించుకుని రమ్మనండి. బ్రిటన్‌లో కార్లకి జరిగే ఎంఓటీ పరీక్షలో ఇదే చూస్తారు. ఆ లైటు ఆరకపోయినా ఫెయిల్, ఈజీఆర్ పీకేసినట్టు కనబడినా ఫెయిల్. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఒక జత కళ్ళు చాలు.

మన బీఎస్-4 కార్లలో 2010 నుంచే ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ (బండి తన లోపాల్ని తనే కోడ్లుగా చెప్పే ఏర్పాటు) ఉంది, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చింది. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. వెయ్యి రూపాయల బ్లూటూత్ స్కానర్ పెడితే ఫోన్లోనే కోడ్లు వస్తాయి. కుర్రాళ్ళు సరదాకి కొనుక్కునే వస్తువు వ్యాన్‌లో ఉండకూడదా?

రీమ్యాప్ చేయించినవాళ్ళు ఇందులో దొరకరు. నిజమే. దొరికిన కాడికి దొరకనివ్వండి. గల్లీ షెడ్లలో నడిచేది ఎక్కువగా రేకు వైద్యమే, దానికి లైటు వెలుగుతుంది.

ఒక్క మనవి. ఇది మొదలుపెట్టిన రోజే జరిమానాల పుస్తకం తీయకండి. సెకండ్ హ్యాండ్‌లో బండి కొన్నవాళ్ళలో చాలామందికి లోపల రేకు ఉందనే తెలియదు. ఆరు నెలలు గడువిచ్చి, బాగు చేయించి చూపించినవాళ్ళని వదిలేయండి. ఆ తర్వాత 182ఏ మీ ఇష్టం. షెడ్లలో పని చేసేవాళ్ళని పిలిచి ఐటీఐల్లో రెండు రోజులు శిక్షణ ఇవ్వండి. మా మొదటి ఉస్తాద్ చేతిలో నైపుణ్యం ఉంది. గ్యాస్కెట్ చూసి రేకు కత్తిరించిన తీరు చూస్తే దర్జీలా అనిపించింది. హోసు తడిమి చూడమని అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. కార్ల కంపెనీలను కూడా అడగండి: ఒక వాల్వు చెడితే కూలర్‌తో కలిపి మొత్తం ఎందుకు అమ్ముతున్నారు? రేకు 300కి, అసెంబ్లీ 23 వేలకి దొరికితే జనం ఏం కొంటారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

పాత డీజిల్ తీసేసి ఎలక్ట్రిక్ కొనుక్కోమంటారేమో. రోడ్డు పన్ను మినహాయింపు ఇచ్చారు, సంతోషం, మా పక్కింటి వాళ్ళు కొన్నారు కూడా. నాకు ఇంకా అమ్మాయి చదువు అవలేదు. ఢిల్లీలో వచ్చినట్టు పదేళ్ళకే డీజిల్‌ని ఆపేయాలన్న మాట ఇక్కడికీ వస్తే నాలాంటివాళ్ళు బండిని ఏం చేసుకోవాలో తెలియదు. బాగున్న పాత బండినీ, రేకు పెట్టిన పాత బండినీ వేరు చేసి చూడగలిగే శాఖ ఉంటే ఆ మాటే రాదని నా ఆశ.

2027 మార్చిలో నా బండికి పదిహేనేళ్ళు నిండుతాయి. 5,000 రెన్యువల్ ఫీజు కట్టి మీ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెడతాను. తాళం తిప్పి లైటు చూడమని నేనే అడుగుతాను. ఆ రేకు ఇంకా నా డ్యాష్‌బోర్డు పెట్టెలోనే ఉంది, పాత పొల్యూషన్ కాగితం కిందే. శిక్షణ తరగతిలో చూపించడానికి కావాలంటే అప్పుడు ఇచ్చేస్తాను. జరిమానా రసీదు కూడా అప్పుడే ఇప్పించండి.

ఇట్లు,
మెహదీపట్నం నుంచి
ఏపీ 09 నంబరు డీజిల్ కారు ఓనరు